హ్యాంక్ విలియమ్స్ రికార్డుల్లో స్టీల్ గిటార్ ఎవరిది? లేబుల్ మీద పేరు లేనివాళ్ల గురించి

పాతప్లేటు78 (సిన్సినాటి):

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. పోయిన నెల ఇక్కడ ఒక పాత సామాన్ల దుకాణంలో ఎం.జి.ఎం. కంపెనీ 10560 నంబరు రికార్డు దొరికింది, 78 స్పీడు ప్లేటు. అంచు కొంచెం విరిగింది కానీ పాట గాడి దాకా దెబ్బ రాలేదు. ఒకవైపు 'మై బకెట్స్ గాట్ ఎ హోల్ ఇన్ ఇట్', రెండోవైపు 'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై'. లేబుల్ మీద అమెరికా కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్, ఆయన బృందం డ్రిఫ్టింగ్ కౌబాయ్స్ పేర్లున్నాయి, అంతే. ఎవరు ఏం వాయించారో ఒక్క అక్షరం లేదు.

డ్రిఫ్టింగ్ కౌబాయ్స్ అంటే స్టీల్ గిటార్ (తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే గిటార్) డాన్ హెల్మ్స్ అని అందరికీ తెలుసు కాబట్టి నేనూ ఎవరడిగినా అదే చెప్తూ వచ్చాను. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దీనిలోని 'లోన్‌సమ్'నీ, వెంటనే 'కోల్డ్ కోల్డ్ హార్ట్'నీ విన్నాను. నాలుగైదుసార్లు అటూ ఇటూ మార్చి విన్నాక నాకు గట్టిగా అనిపించింది, ఈ రెండూ ఒకే చెయ్యి కాదు. 'లోన్‌సమ్'లో స్టీల్ గుండ్రంగా, మెత్తగా, నిదానంగా వణుకుతూ ఉంది. 'కోల్డ్ కోల్డ్ హార్ట్'లో సన్నగా, సూటిగా, పై స్థాయిలో ఏడుస్తున్నట్టుంది. నా చెవి తప్పా, లేక నేను ఇన్నాళ్లూ నమ్మింది తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.


ఉక్కుకడ్డీ (డాలస్):

మీ చెవి సరిగ్గా పట్టింది. 'లోన్‌సమ్'లో వాయించింది డాన్ హెల్మ్స్ కాదు, జెర్రీ బర్డ్. ఇంకో సంగతి, ఆ రికార్డింగ్ జరిగింది మీ ఊళ్లోనే. 1949 ఆగస్టు 30, రేస్ స్ట్రీట్‌లో హెర్జోగ్ స్టూడియో. మీ ప్లేటు రెండువైపులా ఆ రోజు చేసినవే. అంతకుముందు 1948 డిసెంబరు 22న 'లవ్‌సిక్ బ్లూస్' కూడా అక్కడే అయింది, అందులోనూ బర్డే.

హ్యాంక్ సిన్సినాటి దాకా ఎందుకు వెళ్లాడంటే, బర్డ్, గిటార్ వాయించే జీక్ టర్నర్, రిథమ్ గిటార్ లూయీ ఇన్నిస్, వీళ్లంతా ముందు నాష్‌విల్‌లో గాయకుడు రెడ్ ఫోలీ దగ్గర ఉండేవాళ్లు. తరవాత సిన్సినాటి డబ్ల్యూ.ఎల్.డబ్ల్యూ. రేడియోకి వెళ్లిపోయారు. ఎవరు కావాలో తేల్చుకుని వాళ్లున్న ఊరికి వెళ్లి రికార్డు చేశారన్నమాట. అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఒకటే, 'ఎవరు' అని అడిగేముందు 'ఎక్కడ, ఎప్పుడు' అని అడగండి. సగం పేర్లు అక్కడే రాలిపోతాయి.

ఇక చేతుల తేడా. హెల్మ్స్ వాయించింది గిబ్సన్ కన్సోల్ గ్రాండ్, రెండు మెడల వాయిద్యం, కాలితో తొక్కి తీగల శ్రుతి మార్చే పెడల్స్ లేవు, తీగలకి ఇ సిక్స్త్ అనే శ్రుతి. హ్యాంక్ గొంతు ఉన్న స్థాయికి అడ్డం రాకుండా పైనే ఉండమని హ్యాంక్ రికార్డుల నిర్మాత ఫ్రెడ్ రోజ్ అతనికి చెప్పాడు, ఆ సన్నటి పై స్థాయే అతని ముద్ర అయిపోయింది. బర్డ్‌ది హవాయి చెయ్యి. సి సిక్స్త్ శ్రుతిని అందరికీ అలవాటు చేసినవాళ్లలో ముందువరస, కడ్డీ కదిపే తీరు నిదానం, స్వరం మొదలు నుంచి చివరిదాకా ఒకే లావున ఉంటుంది. పెడల్స్ వచ్చి అందరూ అటు వెళ్లినా ఆయన వాటి జోలికి పోలేదు, 1972లో హవాయి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు.


మాంట్‌గోమరీ_అభిమాని:

అన్నా, మీ మీద గౌరవంతోనే ఒకమాట. హెల్మ్స్ హ్యాంక్‌తో అలబామాలో కుర్రతనం నుంచీ ఉన్నవాడు. 1949 వేసవికి హ్యాంక్ నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీలో ఉన్నాడు, హెల్మ్స్ నాష్‌విల్‌లో పక్కనే ఉన్నాడు. సొంత మనిషిని ఇంట్లో ఉంచి ఊరు దాటి వేరేవాళ్లతో ఎందుకు రికార్డు చేస్తాడు? పైగా నా దగ్గర 'లవ్‌సిక్ బ్లూస్' ఉంది, అందులో స్పష్టంగా హెల్మ్స్ చెయ్యే వినిపిస్తుంది. మైకు మారితే, గది మారితే ధ్వని మారదా? ఆ కాలంలో అన్నీ ఒక్క గదిలో, ఒక్కసారిగా వాయించినవి కదా.


ఉక్కుకడ్డీ (డాలస్):

తమ్ముడూ, నీ దగ్గరున్న 'లవ్‌సిక్ బ్లూస్' రికార్డుదా, రేడియోదా? 1949 అక్టోబరులో 'హెల్త్ అండ్ హ్యాపీనెస్' అని రేడియో కార్యక్రమాలు రికార్డు చేశారు, వాటిలో హెల్మ్సే. అవి తరవాత ఆల్బమ్‌లుగా వచ్చాయి కాబట్టి ఒకే పాట రెండు చేతులతో దొరుకుతుంది. ఎం.జి.ఎం. 10352 నంబరు ప్లేటుది విను, నీకే తెలుస్తుంది.

'సొంత మనిషిని ఎందుకు వదిలాడు' అన్నావు. వదలడం కాదు. స్టేజీ మీద వాయించే బృందం వేరు, స్టూడియోలో వాయించేవాళ్లు వేరు అన్నది అప్పటి పద్ధతి. మూడు గంటల్లో నాలుగు పాటలు పూర్తి కావాలి, అందుకని నిర్మాత తనకు అలవాటైనవాళ్లనే పిలిచేవాడు. లేబుల్ మీద మాత్రం గాయకుడి బృందం పేరే పడేది. హెల్మ్స్ హ్యాంక్ ఎం.జి.ఎం. రికార్డుల్లోకి వచ్చింది 1950 జనవరిలో. అక్కడి నుంచి 'కోల్డ్ కోల్డ్ హార్ట్', 'హే గుడ్ లుకింగ్', 1952 సెప్టెంబరు 23న చేసిన 'యువర్ చీటిన్ హార్ట్', అన్నీ అతనివే. కాబట్టి హ్యాంక్‌కి ఒక గీత గీసుకో, 1949 ఇటు, 1950 అటు.


సెషన్‌కాగితం (నాష్‌విల్):

మీరిద్దరూ చెవి గురించే మాట్లాడుతున్నారు, నేను కాగితం గురించి చెప్తాను. నేను ఇక్కడ కొన్నేళ్లుగా సెలవు రోజుల్లో ఆర్కైవుల్లో కూర్చుని పాత సెషన్ (ఒక విడత రికార్డింగ్) కాగితాలు చూస్తూ ఉంటాను. సంగీతకారుల యూనియన్‌కి నాష్‌విల్‌లో 257వ శాఖ ఉంది. యూనియన్ లెక్కలో జరిగిన ప్రతి సెషన్‌కీ ఒక ఒప్పంద పత్రం ఉండేది. తేదీ, స్టూడియో, ఏ గంట నుంచి ఏ గంట దాకా, పాటల పేర్లు, కింద వాయించినవాళ్ల పేర్లు, వాళ్లకి ముట్టిన డబ్బు. సెషన్ నాయకుడికి రెండింతలు ఇచ్చేవాళ్లు కాబట్టి అతనెవరో కూడా తెలిసిపోతుంది. ఇవాళ మనకి ఈ పేర్లన్నీ తెలిసింది చాలావరకు ఆ కాగితాలు భద్రంగా ఉండబట్టే. జర్మనీ బేర్ ఫ్యామిలీ కంపెనీ పెద్ద పెద్ద పెట్టెలుగా వేసిన సెట్లలో ఏ పాటకి ఎవరు అని వరసగా ఇస్తారు చూడండి, దాని వెనక ఇదంతా ఉంది.

అయితే కాగితం కూడా దేవుడు కాదు. మొదటిది, చాలా పత్రాల్లో మనిషి పేరుంటుంది కానీ వాయిద్యం పేరుండదు. షాట్ జాక్సన్ లాంటివాళ్లు డోబ్రో (లోహపు పళ్లెం ఉన్న గిటార్), స్టీల్ రెండూ వాయించేవాళ్లు, ఆ రోజు ఏది వాయించారో పత్రం చెప్పదు. ఒకే పత్రంలో ఇద్దరు స్టీల్ వాళ్లుంటే ఇక ఏ పాటకి ఎవరో మళ్లీ చెవితోనే తేల్చుకోవాలి. యూనియన్‌తో పనిలేని చిన్న లేబుళ్లకైతే అసలు పత్రమే ఉండదు. తరవాత ఎప్పుడో అతికించిన వాయిద్యాలకి వేరే పత్రం, వేరే తేదీ ఉంటుంది. హ్యాంక్ చనిపోయాక ఆయన ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడి ఉంచిన పాటల మీద ఎం.జి.ఎం. వాళ్లు బృందాన్ని కూర్చోబెట్టి వాయింపించారు. గొంతు ఒక ఏడాదిది, స్టీల్ ఇంకో ఏడాదిది. ఇది తెలియకుండా తేదీ పట్టుకుని మనిషిని లెక్కగడితే తప్పుతాం.

పాతప్లేటు గారూ, పత్రం అందుబాటులో లేకపోతే మీ ప్లేటు మీదే ఒక ఆధారం ఉంది. పాట అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి జాగాలో గీసి ఉండే నంబరు చూడండి. అది మ్యాట్రిక్స్ నంబరు. కేటలాగ్ నంబరు విడుదలది, మ్యాట్రిక్స్ నంబరు రికార్డింగ్‌ది. పక్కపక్క నంబర్ల పాటలు సాధారణంగా ఒకే సెషన్‌వి. ఒక పాటకి పేరు ఖాయంగా తెలిస్తే దాని పక్కవాటికీ దారి దొరుకుతుంది.


రెండోపెడల్:

నమస్తే అండీ. నేను పెడల్ స్టీల్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఎనిమిది నెలలు. ఇంట్లో అందరూ ఈ మూలుగు ఏంటి అంటారు, అయినా మానలేదు. నా ప్రశ్న చిన్నది. పాట వినగానే అందులో పెడల్ ఉందో లేదో చెప్పగలిగితే తేదీ కూడా కొంత తెలుస్తుందా?


ఉక్కుకడ్డీ (డాలస్):

చాలా తెలుస్తుంది, మంచి ప్రశ్న. వెబ్ పియర్స్ 'స్లోలీ' విను. 1953 నవంబరు చివర్లో రికార్డు చేశారు, 1954లో పదిహేడు వారాలు కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానంలో ఉంది. స్టీల్ బడ్ ఐజాక్స్. మొదట్లోనే వినిపిస్తుంది, ఒక తీగ ఉన్నచోటే నిలబడి మోగుతుంటే పక్క తీగలు కిందనుంచి పైకి పాకి దానితో కలుస్తాయి. చేతిలోని కడ్డీతో జారిస్తే అన్నీ కలిసి జారతాయి, కడ్డీని ఏటవాలుగా పెట్టినా ఈ రకం కదలిక రాదు. ఆ పాట విన్నాక ఊరూరా స్టీల్ వాళ్లు తమ వాయిద్యాలకి పెడల్స్ తగిలించుకున్నారు.

ఒక జాగ్రత్త. పెడల్స్ ఉన్న వాయిద్యం అంతకుముందు లేదని కాదు. కాలిఫోర్నియాలో స్పీడీ వెస్ట్‌కి పాల్ బిగ్స్‌బీ 1948లోనే చేసిచ్చాడు. కానీ స్వరం మోగుతుండగానే తొక్కి, ఆ పాకడం అందరికీ వినపడేలా పాటలో పెట్టింది ఐజాక్స్. కాబట్టి ఆ పాకడం వినిపిస్తే రికార్డు 'స్లోలీ' తరవాతిదనే లెక్క వేసుకో. ఇంకొంచెం చెవి పెడితే ఇంకోటి దొరుకుతుంది. ఐజాక్స్ ఒక్క పెడల్ తొక్కితే రెండు స్వరాలూ కలిసే లేచేవి. తరవాత బడ్డీ ఎమన్స్, జిమ్మీ డే ఆ పనిని రెండు పెడల్స్‌కి విడదీశారు, ఒకటి లేస్తుంటే ఇంకోటి ఊరుకుంటుంది. నువ్వు ఇవాళ ఎ పెడల్, బి పెడల్ అని నేర్చుకుంటున్నవి అవే. 1962లో ఎమన్స్ పైన రెండు తీగలు చేర్చాడు, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పరుగెత్తే పదబంధాలు మొదలయ్యాయి. ఒక పాటలో అవి వినిపించాయంటే అది 1950ల రికార్డు అని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. అసలు పాటని మళ్లీ పాడి కొత్తగా రికార్డు చేసినది అయ్యుంటుంది. చౌక సంకలనాల్లో ఇలాంటివి బోలెడు, కవరు మీద పాత ఫొటో ఉంటుంది, లోపల పదిహేనేళ్ల తరవాతి స్టీల్ ఉంటుంది.


బేకర్స్‌ఫీల్డ్_బాబు:

మాస్టారూ, 'క్రేజీ ఆర్మ్స్' సంగతి కూడా చెప్పండి, దాని మీద ఎంతమందితో వాదించానో. రే ప్రైస్ పాట, 1956. రాసినవాళ్లలో రాల్ఫ్ మూనీ ఉన్నాడు, ఆయన స్టీల్ గిటార్ దిగ్గజం. అందుకని స్టీల్ కూడా ఆయనదే అనేస్తారు. కాదు, అది జిమ్మీ డే. మూనీ అప్పుడు ఈ పశ్చిమాన ఉన్నాడు, పాట నాష్‌విల్‌లో అయింది. రాసినవాడు వాయించాడనుకోవడం, బృందంలో ఉన్నవాడు వాయించాడనుకోవడం, రెండూ ఒకే తప్పు.

మూనీ చెయ్యి వినాలంటే బక్ ఓవెన్స్ 1959 'అండర్ యువర్ స్పెల్ అగైన్', మెర్ల్ హ్యాగర్డ్ 1966 'స్వింగింగ్ డోర్స్' వినండి. కోడి గింజలు ఏరుకున్నట్టు టకటకా తీగ మీద పొడుస్తాడు, పైన గాజుముక్కలా మెరుస్తుంది, సాగదియ్యడు. అదే బక్ ఓవెన్స్‌ది 1964 'టుగెదర్ అగైన్' వినండి, అక్కడ టామ్ బ్రమ్లీ. ఆ మధ్యలో వచ్చే స్టీల్ సోలో ఒకటి చాలు, ఎన్నిసార్లు విన్నా గొంతు పట్టేస్తుంది నాకు. గాయకుడు ఒకడే, అయిదేళ్ల తేడాలో మనిషి మారిపోయాడు. బక్ ఓవెన్స్ అనగానే బ్రమ్లీ అని రాసేసేవాళ్లు మూనీకి చేస్తున్న అన్యాయం ఆలోచించండి.

లొరెట్టా లిన్ మొదటి రికార్డు 'ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్', 1960, ఇది ఇంకో ఉదాహరణ. ఆవిడ పేరు చెప్తే నాష్‌విల్ గుర్తొస్తుంది కాబట్టి అక్కడి పేర్లు చెప్తారు. రికార్డు అయింది లాస్ ఏంజెలెస్‌లో, స్టీల్ స్పీడీ వెస్ట్.


మాంట్‌గోమరీ_అభిమాని:

అన్నా, ఎం.జి.ఎం. ప్లేటుది దొరికింది, విన్నాను. రేడియోదాంతో పక్కపక్కన పెట్టి మూడుసార్లు విన్నాను. మీరు చెప్పిందే నిజం. నేను ఇంతకాలం వింటున్నది రేడియోది. హెల్మ్స్ అంటే నాకున్న ఇష్టం తగ్గలేదు కానీ ఆయన వాయించనిది ఆయన ఖాతాలో వెయ్యడం ఆయనకీ మర్యాద కాదు.

హెల్మ్స్‌వే అని ఎక్కువమందికి తెలియనివి రెండు చెప్తాను. ప్యాట్సీ క్లైన్ 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్', లెఫ్టీ ఫ్రిజెల్ 1959 'లాంగ్ బ్లాక్ వెయిల్'. రెండింట్లోనూ ఆయనే, రెండూ పెడల్ లేకుండానే. 'స్లోలీ' వచ్చి అయిదేళ్లయినా పెడల్ లేదంటే కూడా అదొక ఆధారమే కదా, అప్పటికి పెడల్ లేకుండా నాష్‌విల్‌లో పెద్ద సెషన్లకి వాయించేవాళ్లు ఎందరు మిగిలుంటారు?


సెషన్‌కాగితం (నాష్‌విల్):

బాగా పట్టుకున్నారు తమ్ముడూ. లేనిది కూడా ఆధారమే.

అసలు కష్టమైన కాలం మాత్రం 1960ల మధ్య నుంచి. అప్పటికి అందరి వాయిద్యాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి, అందరూ ఒకరి పదబంధాలు ఒకరు నేర్చుకున్నారు. ఇక్కడ సెషన్లు పొద్దున పదికి, మధ్యాహ్నం రెండుకి, సాయంత్రం ఆరుకి, రాత్రి పదికి, రోజుకి నాలుగు. పీట్ డ్రేక్, లాయిడ్ గ్రీన్, వెల్డన్ మైరిక్, హాల్ రగ్, ఈ నలుగురూ ఒకే వారంలో ఎన్ని స్టూడియోల్లో కూర్చున్నారో. కొన్ని మాత్రం తిరుగులేనివి. గాయని కోనీ స్మిత్ 1964 'వన్స్ ఎ డే' వెల్డన్ మైరిక్. వార్నర్ మ్యాక్ 1965 'ద బ్రిడ్జ్ వాష్డ్ అవుట్' లాయిడ్ గ్రీన్. ట్యామీ వైనెట్ 'స్టాండ్ బై యువర్ మ్యాన్' పీట్ డ్రేక్, బాబ్ డిలన్ 'లే లేడీ లే' కూడా ఆయనే. ఇలా ఖాయమైనవాటిని ముందు చెవికి ఎక్కించుకోండి, వందసార్లు వినండి, అప్పుడు తెలియనివాటి దగ్గరికి వెళ్లండి. తలకిందులుగా చేస్తే ప్రతి పాటలోనూ మనకిష్టమైనవాడే వినిపిస్తాడు.

ది బర్డ్స్ అనే రాక్ బృందం 1968 ఆల్బమ్ 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' మంచి కసరత్తు. నాష్‌విల్‌లో చేసిన పాటల్లో లాయిడ్ గ్రీన్, లాస్ ఏంజెలెస్‌లో చేసిన వాటిలో జే డీ మేనెస్. పేర్లు చూడకుండా విని, ఏది ఎవరో రాసుకుని, తరవాత సరిచూసుకోండి.


విశాఖ_రేడియో:

ఇదంతా చదువుతుంటే నాకు మన పాత సినిమా పాటల ప్లేట్లు గుర్తొచ్చాయి. గాయకుల పేరు, సంగీత దర్శకుడి పేరు, అంతే. ఆ వయొలిన్ ఎవరిది, ఆ హవాయి గిటార్ ఎవరిది అని అడిగితే చెప్పేవాళ్లు లేరు, చెప్పగలిగినవాళ్లు వెళ్లిపోతున్నారు. అక్కడైనా యూనియన్ కాగితం మిగిలింది. రోజుకూలీ లెక్కన వాయించి ఇంటికెళ్లిపోయినవాళ్లు వీళ్లు. రికార్డు ఎంత అమ్ముడైనా పైసా ఎక్కువ రాదు, పేరు కూడా రాదు. ఇప్పుడు మనం ఇవ్వగలిగింది ఆ పేరొక్కటే. మీరందరూ ఇంత శ్రమపడి దాన్ని సరిచేస్తున్నందుకు సంతోషం బాబూ.

పాతప్లేటు గారూ, మీరు అదే ఊళ్లో ఉన్నారు కదా, ఆ స్టూడియో భవనం ఇంకా ఉందా?


పాతప్లేటు78 (సిన్సినాటి):

ఉంది మాస్టారూ. శనివారం పొద్దున వెళ్లి చూశాను. రేస్ స్ట్రీట్ 811, స్టూడియో పైఅంతస్తులో ఉండేదట. బయట దాని చరిత్ర రాసిన ఫలకం పెట్టారు. నేను ఆ వీధిలో ఎన్నోసార్లు నడిచాను, ఒక్కసారీ తలెత్తి చదవలేదు. ఎదురుగా నిలబడి ఫోన్లో 'లోన్‌సమ్' పెట్టుకుని చివరిదాకా విన్నాను. గొంతు ఆగిన ప్రతిచోటా స్టీల్ మెల్లగా వచ్చి ఖాళీని నింపి, మళ్లీ గొంతు మొదలయ్యేలోపు తప్పుకుంటుంది. అలా తప్పుకోవడం అంతకుముందు నాకు వినపడలేదు.

ఇంటికొచ్చి మ్యాట్రిక్స్ నంబర్లు భూతద్దంతో చూశాను, సెషన్‌కాగితం అక్క చెప్పినట్టే రెండువైపులవీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. నా దగ్గర ఒక చిన్న ల్యాప్ స్టీల్ ఉంది, ఆ మొదటి పదబంధం వాయించడానికి రెండు గంటలు తిప్పలు పడ్డాను. స్వరాలు దొరికాయి, ఆ వణుకు దొరకలేదు. కడ్డీని నేను తొందరగా ఊపుతున్నాను, ఆయన దాదాపు ఊపనట్టే ఊపుతాడు. కవరు మీద పెన్సిల్‌తో 'స్టీల్: జెర్రీ బర్డ్, 30-8-1949' అని రాసి పెట్టాను.


మాంట్‌గోమరీ_అభిమాని:

నేనూ మొదలుపెట్టాను. నా దగ్గర హ్యాంక్ ఫైళ్లన్నింటికీ కింద హెల్మ్స్ అని గుండుగుత్తగా ఉంది. రేడియోవి, 1949 సెషన్లవి, 1950 తరవాతవి అని మూడు ఫోల్డర్లు చేశాను. చనిపోయాక వాయిద్యాలు అతికించినవి ఎందులో పెట్టాలో తెలియట్లేదు. అక్కా, వాటి పత్రాల తేదీలు మీ దగ్గరుంటే ఇక్కడ పెడతారా?


సెషన్‌కాగితం (నాష్‌విల్):

వాటికి నాలుగో ఫోల్డర్ చెయ్యండి. గొంతు తేదీ ఒకటి, వాయిద్యాల తేదీ ఒకటి, రెండూ రాసుకోండి. నేను రాసుకున్నవి నోటు పుస్తకంలో ఉన్నాయి, ఆదివారం టైప్ చేసి పెడతాను.